ఇంజన్ బొమ్మ లైటు: దాని వెనక 80 ఏళ్ల ముచ్చట

ఈసారి పోస్టు పొడుగు ఉంటది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిన్నంక తీరుబాటుగా చదువుకోండి. డ్రైవర్ పని చేసేటోళ్లు, సైటు మీద మిషన్లు నడిపేటోళ్లు మాత్రం ఆఖరి దాక చదవాలె.

పోయిన ఎండాకాలం, జూలై నెల. ఇక్కడ దుబాయిల మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాక ఎండల పని బంద్ ఉంటది కదా. ఆ బ్రేక్ అయిపోయి సైటు మళ్ల మొదలైన టైము. మా పికప్ నడిపే జగిత్యాల దిక్కు తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, ఇంజన్ బొమ్మ లైటు పడ్డది, వేడి ముల్లు పైకి పోయింది, బండి రోడ్డు పక్కకు ఆపిన" అన్నడు. రికవరీ బండి పోయి దాన్ని గ్యారేజికి మోసుకొచ్చింది. హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నరు. బిల్లు 4,200 దిర్హాములు. నాలుగో రోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వేడెక్కినా ఆపకుండ నడిపిండు, డ్రైవర్ నిర్లక్ష్యం, పైసలు జీతంలోంచి కోస్తం అని. ఆ తమ్ముని జీతం 1,800. వీసాకు చేసిన అప్పు ఇంక తీరలే.

ఆ కోత ఆగింది. ఎట్ల ఆగిందో చివర్ల చెప్తం. ఆపింది మనుషుల మాట కాదు, బండి లోపలి కంప్యూటర్ డబ్బా రాసిపెట్టుకున్న నాలుగు అంకెలు. బండి అసలు ఎందుకు రాసుకుంటది? ఎవరు రాయమన్నరు? ఆ రోజు నుంచి మా రూములో ఆరుగురం ఇదే పట్టుకుని కూర్చున్నం. ఒకరు ఏసీ మెకానిక్, ఒకరు జేసీబీ ఆపరేటర్, ఒకరు తాపీ మేస్త్రి, ఇట్ల తలో పని. రాసేది పదో తరగతి చదివిన సూపర్‌వైజర్ చెయ్యి, తెలివి ఆరుగురిది.

ఈ లైటు కథ ఇంజన్ దగ్గర మొదలు కాలే. పొగ దగ్గర మొదలైంది.

1943 జూలై. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. అమెరికాల లాస్ ఏంజెలెస్ ఊరు. ఒక రోజు పట్టపగలు ఊరి మీద మబ్బు లెక్క పొగ కమ్మింది. కండ్లు మండుతున్నయి, గొంతు గరగర అంటున్నది, నాలుగు వీధుల అవతల ఏముందో కనబడలే. జపానోళ్లు విషవాయువు వదిలిండ్రని జనం భయపడ్డరు. అది కాదని తెలిసినంక ఊరి నడుమ ఉన్న ఒక ఫ్యాక్టరీ మీద పడ్డరు. సింథటిక్ రబ్బరుకు కావలసిన బ్యూటాడయీన్ తయారుచేసే ఫ్యాక్టరీ అది. దాన్ని ఆపించిండ్రు. పొగ మాత్రం ఆగలే. తర్వాత ఇంటి వెనకాల చెత్త కాల్చే పొయ్యిల మీద అనుమానం పోయింది. 1957ల వాటిని కూడ బంద్ పెట్టిండ్రు. కొంత తగ్గిందేమో గని పొగ పోలే.

గ్యారేజిల పనిచేసే తమ్ముళ్లకు ఇది తెలిసిన ముచ్చటే. బండి మిస్ కొడుతున్నదంటే ముందు ప్లగ్గులు మారుస్తరు, పోలేదంటే కాయిల్ మారుస్తరు, అయినా పోలేదంటే పంపు మారుస్తరు. అసలు రోగం చూడకుండ సామాన్లు మార్చుడు. లాస్ ఏంజెలెస్ కూడ కొన్నేండ్లు అదే చేసింది.

అసలు రోగం పట్టింది ఆరీ హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. పుట్టింది నెదర్లాండ్స్‌లో, పని కాలిఫోర్నియాల కాల్‌టెక్ అనే సంస్థల. ఆయన కూడ బతుకుదెరువుకు దేశం దాటొచ్చినోడే. అప్పట్ల అనాసపండుకు ఆ వాసన ఎట్ల వస్తదో పరిశోధన చేస్తున్నడు. పండు వాసనను చల్లబరిచి నీళ్ల లెక్క పట్టే సామాను ఆయన దగ్గర ఉండె. అదే సామానుతోని ఊరి గాలిని పీల్చి పట్టి చూసిండు. 1950 తర్వాత కొన్నేండ్లల్ల ఆయన తేల్చింది ఇది: బండ్ల నుంచి, చమురు శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండల కలిసి ఓజోన్ తయారైతున్నది. ఓజోన్ రబ్బరును పగలగొడ్తది. వంచిన రబ్బరు ముక్కను గాలిల పెట్టి, అది ఎంతసేపట్ల పగుళ్లు పడ్తదో చూసి గాలిల ఓజోన్ ఎంతుందో లెక్క కట్టేటోళ్లు. చూసిండ్రా, పెద్ద రోగానికి పరీక్ష ఒక చిన్న రబ్బరు ముక్క.

బండ్ల కంపెనీలు ఈ మాట అంత తొందరగ ఒప్పుకోలే. అయినా కాలిఫోర్నియా ఒక్కొక్క అడుగు వేసింది. ఇంజన్ కింది భాగంల పేరుకునే ఆవిరి బయటికి పోకుండ మళ్ల ఇంజన్‌లోకే పంపే పీసీవీ వాల్వు తప్పనిసరి చేసింది. 1966 నుంచి సైలెన్సర్ పొగకు కొలత పెట్టింది. 1967ల కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఏర్పడ్డది. దానికి మొదటి ఛైర్మన్ మన అనాసపండు హాగెన్ స్మిట్టే. 1970ల అమెరికా దేశం మొత్తానికి గాలి చట్టం వచ్చింది. బండి పొగను 90 శాతం తగ్గించాలని అందుల రాసిండ్రు.

90 శాతం అంటే ఆట కాదు. దాని కోసం 1975 మోడల్ బండ్ల నుంచి సైలెన్సర్ పైపుల క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టుడు మొదలైంది. లోపల తేనెపట్టు లెక్క సన్న రంధ్రాల పింగాణి, దాని మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాల పూత. పొగ దాంట్లోంచి పోతే విషం విరుగుతది. అయితే దానికి రెండు గొంతెమ్మ కోరికలు. ఒకటి, పెట్రోల్ల సీసం ఉండొద్దు. సీసం లేని పెట్రోలు అందుకే వచ్చింది. రెండోది, గాలి పెట్రోలు సరిగ్గ లెక్క ప్రకారం కలవాలె. 14.7 కిలోల గాలికి ఒక కిలో పెట్రోలు. ఎక్కువైనా తక్కువైనా మూడు రకాల విషాలను ఒకేసారి విరగ్గొట్టలేదు. కాంక్రీటు పని చేసేటోళ్లకు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు రెండు మగ్గులు ఎక్కువైతే మిక్సు ఖరాబు, తక్కువైతే ఖరాబు.

కార్బొరేటర్ అంత సన్నటి లెక్క పట్టలేదు. అది స్క్రూ తిప్పి పెట్టిన కుళాయి లెక్క, పొద్దుగాల ఒక తీరు, ఎండల ఒక తీరు. అందుకని పొగ గొట్టంల ఒక ముక్కు పెట్టిండ్రు. దాన్నే ఆక్సిజన్ సెన్సార్ అంటరు. జర్మనీ కంపెనీ బాష్ చేసిన ఈ సెన్సార్ 1976ల వోల్వో కారుల మొదట వచ్చింది. పొగల ఆక్సిజన్ మిగిలితే కరెంటు తక్కువ, మిగలకపోతే ఎక్కువ. సుమారు 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు మధ్యల ఆడుతది. ఆ ఆట చూసి పెట్రోలు తగ్గించుడు పెంచుడు మనిషి చేతిల అయ్యే పని కాదు. సెకనుకోసారి చూడాలె. అట్ల బండిలకు కంప్యూటర్ వచ్చింది. షోకు కోసం రాలే, పొగ కోసం వచ్చింది.

కంప్యూటర్ వచ్చినంక కొత్త చిక్కు. సెన్సార్ చెడితే ఎవరికి తెలియాలె? పాత మెకానిక్ చెవి పెట్టి ఇంజన్ రోగం చెప్పేటోడు. వైరుల తిరిగే అర వోల్టు చెవికి వినబడదు. అందుకని కంప్యూటరే తన రోగం తాను చెప్పుకోవాలె అన్నరు. జనరల్ మోటార్స్ కంపెనీ 1980ల కాలిఫోర్నియా బండ్లకు, 1981ల అమెరికాల అమ్మే దాదాపు అన్ని పెట్రోలు కార్లకు ఇట్లాంటి కంప్యూటర్ పెట్టింది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు. కింద చిన్న సాకెట్. దాంట్ల రెండు రంధ్రాలను వైరు ముక్కతోని కలిపితే లైటు మిణుకుతది. ఒకసారి మిణికి, ఆగి, రెండుసార్లు మిణికితే 12 అని అర్థం. 12 అంటే రోగం కాదు, నేను బతికే ఉన్న, మాట్లాడుతున్న అని చెప్పుడు. ఆ తర్వాత అసలు నంబర్లు వస్తయి. 13 అయితే ఆక్సిజన్ సెన్సార్, 14 అయితే నీళ్ల వేడి సెన్సార్ లైను.

మన గల్ఫుల 90ల నాటి టయోటా బండ్లు నడిపిన పెద్దన్నలకు ఇది యాదికుంటది. బానెట్ కింద చిన్న నల్ల డబ్బా, మూత మీద డయాగ్నోసిస్ అని రాసి ఉంటది. దాంట్ల టీఈ1, ఈ1 అనే రెండు రంధ్రాలను పిన్నీసుతోని కలిపి చావి తిప్పేటోళ్లు. లైటు ఆగకుండ గబగబ మిణికితే బండి మంచిగున్నట్టు. రెండు, ఆగి, ఒకటి మిణికితే 21, ఆక్సిజన్ సెన్సార్. 22 అయితే నీళ్ల వేడి సెన్సార్. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల ఒక పఠాన్ ఉస్తాద్ ఉన్నడు. చదువు రాదు గని ఆ మిణుకులు లెక్కపెట్టి మనకు పేపర్ చదివినట్టు చదివి చెప్పేటోడు.

చిక్కేందంటే ఒక్కో కంపెనీది ఒక్కో భాష. జీఎంల 12 అంటే ఒకటి, టయోటాల 12 అంటే ఇంకోటి. నిస్సాన్ బండికి కంప్యూటర్ డబ్బా మీదనే చిన్న లైట్లు. సాకెట్ ఒక్కోటి ఒక్కో చోట, ఒక్కో ఆకారం. ఒక క్యాంపుల మలయాళం, నేపాలీ, బెంగాలీ, తెలుగు అందరు ఉండి అందరికి కలిసే భాష లేకపోతే ఎట్లుంటదో అట్ల.

1988 మోడల్ బండ్ల నుంచి కాలిఫోర్నియా ఒక చట్టం పెట్టింది. ప్రతి బండి తన పొగ సామాను తానే చూసుకోవాలె, చెడితే లైటు వెలిగించాలె. దీన్నే ఇప్పుడు ఓబీడీ ఒకటి అంటరు. అయితే భాష ఒకటి చేయలే. ఒక సెన్సార్ వైరు తెగితే చెప్తది గని, కన్వర్టర్ ముసలిదై పని చేయకపోతే చెప్పదు. అందుకే వెంటనే రెండోది రాసిండ్రు. 1994 నుంచి మెల్లగ మొదలుపెట్టి, 1996 మోడల్ వచ్చేసరికి అమెరికాల అమ్మే ప్రతి కారుకు, చిన్న ట్రక్కుకు ఓబీడీ రెండు తప్పనిసరి అయ్యింది. యూరప్ 2001 నుంచి పెట్రోలు కార్లకు పెట్టింది, తర్వాత డీజిలుకు. ఈ కంపెనీలే లోకమంత బండ్లు అమ్ముతయి కాబట్టి ఆ సాకెట్ మన ఇసుక దేశాలకు కూడ వచ్చింది.

ఇప్పుడు మీ బండిల స్టీరింగ్ కింద వంగి చూడండి. 16 పిన్నుల సాకెట్ ఉంటది. 16వ పిన్ను బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులు ఎర్త్. కొత్త బండ్లల్ల 6, 14 పిన్నుల మీద ముచ్చట నడుస్తది. ఆ ముచ్చట పద్ధతి పేరు క్యాన్. బాష్ కంపెనీ 1986ల బయటపెట్టింది. 2008 నుంచి అమెరికా కార్లన్నిటికి అదే.

కోడ్ చదువుడు కూడ కష్టం కాదు. మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేరు వైపు. బి అయితే బాడీ, సి అయితే బ్రేకు, స్టీరింగ్ వైపు, యు అయితే డబ్బాల మధ్య మాటలు తెగినట్టు. రెండో అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకు ఒకే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో అంకె ఏ భాగమో చెప్తది. ఒకటి, రెండు గాలి పెట్రోలు, మూడు మిస్ ఫైర్, నాలుగు పొగ సామాను. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ కొడుతున్నది. పి0171 అంటే గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. పి0420 అంటే కన్వర్టర్ సరిగ్గ పని చేస్తలేదు.

ఇక్కడనే మనోళ్లు ఎక్కువ మోసపోతరు. కోడ్ చెప్పేది గుణం, చెడ్డ సామాను పేరు కాదు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెప్తది, మలేరియానా టైఫాయిడా చెప్పదు. పి0171 వస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చి పైసలు గుంజే గ్యారేజీలు ఉన్నయి. అసలు రోగం పగిలిన గాలి పైపు కావచ్చు, దుమ్ము పట్టిన గాలి కొలిచే సెన్సార్ కావచ్చు, పెట్రోలు పంపు బలహీనం కావచ్చు. మన దగ్గర దుమ్ముకు ఆ గాలి సెన్సార్ తీగ మీద పొర కడుతది. దాని కోసమే అమ్మే స్ప్రే కొట్టి శుభ్రం చేస్తే చాలాసార్లు దారికొస్తది. పి0301 వస్తే ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దాంట్ల పెట్టి చూడండి. కోడ్ పి0302గ మారితే కాయిల్ పోయినట్టు, మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలె. ఒక్క ఫిల్స్ ఖర్చు లేదు. పి0420 వచ్చిందని వెంటనే కన్వర్టర్ కొనొద్దు. పొగ గొట్టంల లీకు ఉన్నదా, ఇంజన్ ఆయిల్ తాగుతున్నదా ముందు చూడాలె.

లైటు ఊరికే వెలగదు, ఊరికే ఆరదు. చాలా కోడ్‌లకు ఒకసారి తప్పు కనబడితే కంప్యూటర్ మనసుల పెట్టుకుంటది, రెండో ట్రిప్పుల కూడ కనబడితేనే వెలిగిస్తది. వరుసగ మూడు ట్రిప్పులు మంచిగ నడిస్తే లైటు తానే ఆర్పుతది గని, కోడ్‌ను ఇంకా 40 సార్లు ఇంజన్ వేడెక్కేదాక దాచుకుంటది. లైటు ఆగకుండ మిణుకుతున్నదంటే మాత్రం ఆట కాదు. కాలని పెట్రోలు కన్వర్టర్‌ల మండుతున్నది. అప్పుడు యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తియ్యాలె, బండి ఆపాలె.

సైటు మిషన్లది ఇంకో భాష. ఎక్స్కవేటర్, లోడర్, పెద్ద ట్రక్కులల్ల జే1939 అనే పద్ధతి ఉంటది. దాంట్ల రెండు నంబర్లు వస్తయి. మొదటిది ఏ భాగం, రెండోది ఏం తీరు తప్పు. మొదటి నంబరు 100 అయితే ఆయిల్ ప్రెషర్, 110 అయితే నీళ్ల వేడి, 97 అయితే డీజిల్ల నీళ్లు. రెండో నంబరు 3 అయితే కరెంటు ఎక్కువ, 4 అయితే తక్కువ. 110 పక్కన 3 గాని 4 గాని కనబడితే ఇంజన్ నిజంగ వేడెక్కలేదేమో, సెన్సార్ వైరు తెగింది గాని, రాసుకుంది గాని కావచ్చు. మా జేసీబీ తమ్ముడు ఈ రెండు నంబర్లు చేతి మీద రాసుకుని పోయి మెకానిక్‌కు చెప్పుడు అలవాటు చేసుకున్నడు. సగం రోజు పని మిగులుతది.

ఇంత మంచి సామాను అబద్ధం చెప్పదా అంటే, చెప్పించిన మనుషులు ఉన్నరు. 2013ల అమెరికాల వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లకు పొగ కొలిచే మిషన్ కట్టి రోడ్డు మీద నడిపిండ్రు. ఒక కారును లాస్ ఏంజెలెస్ నుంచి సియాటిల్ దాక తోలుకుపోయిండ్రు. ఆ చిన్న బృందంల మన దేశం నుంచి పోయిన ఇద్దరున్నరు, అరవింద్ తిరువేంగడం, హేమంత్ కప్పన్న. పరీక్ష గదిల శుభ్రంగున్న కారు రోడ్డు మీదకొస్తే విషం కక్కుతున్నది. 2015 సెప్టెంబర్ 18న అమెరికా ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. పరీక్ష జరుగుతున్నదని కంప్యూటర్ గుర్తుపట్టి అప్పుడు మాత్రం బుద్ధిగ ఉండేటట్టు రాసిండ్రు. లోకం మొత్తంల 1 కోటి 10 లక్షల బండ్ల దాక అట్లాంటివే. లైటు ఒక్కసారి వెలగలే. లైటు వెలగలేదంటే అంతా మంచిదే అనుకోవద్దని అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్షన్ రోజు సేఫ్టీ షూలు వేయించి మరునాడు మర్చిపోయే సైట్లు మనకు తెలియనివా?

ఇంకో కొట్లాట, కోడ్ ఎవరిది అని. బండి కొన్నది మనం, దాని మనసుల ఉన్న మాట చదివే హక్కు కంపెనీ షోరూముకేనా? అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రం 2012ల ఓటు పెట్టి, చిన్న గ్యారేజీలకు కూడ ఆ సమాచారం ఇవ్వాలని చట్టం చేసింది. ఇంకో దిక్కు కెనడాల ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ ఈఎల్ఎం327 అనే చిప్పు చేసింది. బండి భాషను మామూలు భాషల మారుస్తది. దాని నకళ్లు చైనాల లక్షలు తయారైనయి. ఆ కంపెనీ 2022ల మూతపడ్డది గని, దాని పుణ్యం ఇప్పుడు 35 దిర్హాములకు మన చేతిల ఉన్నది. అగ్గిపెట్టె అంత డబ్బా, సాకెట్‌ల పెట్టి ఫోన్‌కు కలిపితే కోడ్ చదువుతది.

మన ఊరి దాక కూడ ఈ కథ వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంత బీఎస్ 6 వచ్చింది. అప్పటి నుంచి ఇంట్ల తమ్ముడు కొనే బైకుకు కూడ చాలా వరకు కార్బొరేటర్ లేదు, ఇంజెక్టర్ ఉన్నది, మీటరు మీద ఇంజన్ బొమ్మ లైటు ఉన్నది. ఊర్ల మెకానిక్ అన్నలు స్క్రూ తిప్పుడు విడిచి స్కానర్ కొంటున్నరు. ఇంటికి పోయి షెడ్డు పెడ్తమనే తమ్ముళ్లు ఈ నంబర్లు ఇప్పుడే నేర్చుకోండి.

ఇగ మా పికప్ ముచ్చట.

కాగితం వచ్చిన రోజు రాత్రి ఆ తమ్ముడు అన్నం తినలే. "లైటు పడంగనే ఆపిన అన్నా, అమ్మ తోడు" అన్నడు. నమ్మినం. మేము నమ్మితే ఆఫీసు నమ్మాలె కదా. ఏసీ మెకానిక్ అన్న దగ్గర ఆ 35 దిర్హాముల డబ్బా ఉండె. ఓబీడీ రెండు చట్టంల ఒక మంచి మాట ఉన్నది. తప్పు పట్టిన క్షణాన ఇంజన్ ఎట్లుండెనో కంప్యూటర్ ఫోటో తీసినట్టు దాచుకోవాలె. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటరు. తర్వాత వచ్చిన బండ్లల్ల లైటు వెలిగినంక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడ లెక్క ఉంటది. అయితే స్కానర్‌తోని కోడ్ చెరిపితే ఇవన్ని పోతయి. చాలా బండ్లల్ల బ్యాటరీ వైరు పీకినా పోతయి.

రాత్రే ఉస్తాద్‌కు ఫోన్ కొట్టినం. ఇంజన్ విప్పిండ్రు గని, కోడ్ ఇంక చెరపలేదన్నడు. "బ్యాటరీ ముట్టుకోకు ఉస్తాద్, పొద్దుగాల వస్తం" అని బతిమాలినం. శుక్రవారం పొద్దుగాల పోయినం. డబ్బా పెట్టినం. పి0217, ఇంజన్ మితిమీరి వేడెక్కింది. ఆ క్షణాన నీళ్ల వేడి 119 డిగ్రీలు, స్పీడు 64. లైటు వెలిగినంక నడిచిన దూరం 2 కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద బండి పక్కకు ఆపేటంత జాగ దొరికేది సరిగ్గ అంత దూరంలనే. నాలుగింటిని ఫోటో తీసినం, వీడియో తీసినం. ఉస్తాద్ పగిలిన రేడియేటర్ పైపు చూపించిండు. ఒక్కసారిగ పగిలి నీళ్లన్ని కారిపోయినయి.

అక్కడితోని అయిపోతే మేము ఈ పోస్టు గర్వంగ రాసేటోళ్లం. ఆఫీసుకు ఇంకో రుజువు కావాలని ఆ బండి రోజువారీ చెక్ పుస్తకం తీసినం. పైపు పగిలిన రోజుకు ముందు పది రోజులల్ల మూడుసార్లు ఆ తమ్ముడు రాసిండు, నీళ్లు తగ్గుతున్నయి, పైపు దగ్గర తడి ఉన్నది అని. వంకర అక్షరాలతోని, తప్పుల ఇంగ్లీషుల. మూడు పేజీల కింద సూపర్‌వైజర్ సంతకం ఉన్నది. ఆ సంతకం మాదే. చదవకుండ పెట్టినం. కాంక్రీటు బండ్లు వస్తున్నయి, క్లయింటు వస్తున్నడు, పెట్టు సంతకం, నడువు అని.

ఆ పుస్తకం దాస్తే మాకేం కాదు. ఫోటోలు ఒక్కటే చూపిస్తే సరిపోవునేమో. రాత్రంత రూములో అదే మాట్లాడుకున్నం. మేస్త్రి అన్న ఒక్కటే మాట అన్నడు: "లైటు పడంగనే ఆపినోడు పిల్లగాడు. పది రోజుల ముందు పడ్డ లైటును చూడనిది మనం." తెల్లారి పుస్తకం, ఫోటోలు రెండు పట్టుకుని ఆఫీసుకు పోయినం. ముదీర్ చాలాసేపు చూసిండు. కోత రద్దయింది. మాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆ ఏడు ఇంక్రిమెంట్ రాలే. న్యాయమే.

పొగ ఎక్కడిదో తేల్చనీకి ఒక ఊరికి కొన్నేండ్లు పట్టింది. ఆ తర్వాత చట్టం చేసి మరీ బండికి నోరు ఇచ్చిండ్రు, రోగం దాచొద్దు, చెప్పాలె, చెప్పింది రాసిపెట్టుకోవాలె అని. మన దగ్గర మనిషి నోటితోని చెప్పినా, చేతితోని రాసినా చూసేటోడు ఉండడు. ఇప్పుడు మేము చెక్ పుస్తకం చదివినంకనే సంతకం పెడుతున్నం. కాంక్రీటు బండి ఆగినా సరే.

డ్రైవర్ తమ్ముళ్లకు నాలుగు మాటలు:

లైటు పడితే జాగ చూసి ఆపండి, ఫోన్ చేయండి, టైము రాసుకోండి. మిణికితే ఇంకా తొందర.

చెక్ పుస్తకంల ఏ భాషలనన్నా సరే రాయండి. రాసిన పేజీ ఫోటో ఫోన్ల పెట్టుకోండి.

కోడ్ చెరపకముందు, బ్యాటరీ పీకకముందు ఫోటో తీయమని గ్యారేజి ఉస్తాద్‌ను అడగండి. చెరిపినంక ఎవరు అడిగినా బండి మాట్లాడదు.

రూముకొక డబ్బా కొనుక్కోండి. ఆరుగురు కలిస్తే తలా ఆరు దిర్హాములు.

రాసిన దాంట్ల తప్పులుంటే మెకానిక్ అన్నలు కింద చెప్పండి, దిద్దుకుంటం. డ్యూటీల ఉన్న మన డ్రైవర్లందరికీ చేరేటట్టు చూడండి. ఆ జగిత్యాల తమ్ముడు ఇప్పుడు అదే పికప్ నడుపుతున్నడు. కొత్త పైపు పడ్డది, వేడి ముల్లు నడుమనే ఉంటున్నది.